కారులో మనం పీల్చే గాలి



మీలో కొందరు ఈ మాటలు కారులో కూర్చునే వింటూ ఉంటారు. హైదరాబాదులో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరో, మైండ్‌స్పేస్ అండర్‌పాస్ ముందో బండి ఆగి ఉంటుంది. అద్దాలు మూసి ఉంటాయి. ఏసీ నడుస్తూ ఉంటుంది. ముందు ఒక టిప్పర్. పక్కన డ్రమ్ము తిప్పుకుంటూ రెడీమిక్స్ లారీ. అద్దాలు మూసేశాం కదా, దుమ్మంతా బయటే ఉండిపోయిందని మన ధీమా.

ఏసీ గాలి వచ్చే చోట ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోంది? ఆ టిప్పర్ వెనక నుంచే వస్తోంది. బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య, వైపర్లు ఉండే చోట ఒక జాలీ ఉంటుంది. బయటి గాలి అక్కడ దిగుతుంది. ఒక ఫిల్టర్ గుండా వెళ్తుంది. చల్లబడి మీ ముఖానికి తగులుతుంది. బయటి దుమ్ముకూ మీ ఊపిరితిత్తులకూ మధ్య అడ్డుగా ఉన్నది ఆ ఒక్క ఫిల్టరే. దాన్నే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ అంటారు. మన మెకానిక్‌లు, స్పేర్ పార్ట్స్ షాపుల వాళ్ళు ఏసీ ఫిల్టర్ అంటారు. బానెట్ కింద ఇంజిన్ కోసం ఉండే ఎయిర్ ఫిల్టర్ వేరు. అది ఇంజిన్ పీల్చే గాలికి. ఇది మనం పీల్చే గాలికి.

దీన్ని ఇంట్లోనే తీసి, చూసి, దులుపుకోవచ్చు. పెద్ద పనిముట్లు అక్కర్లేదు. చాలా కార్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. అయితే ముందే ఒక మాట. దీన్ని కడగకూడదు. దులపవచ్చు, కడగకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

హైటెక్ సిటీ వైపు తిరిగే కారుకు ఇది ఎందుకంత ముఖ్యం? ఈ ప్రాంతం ఎలా ఏర్పడిందో గుర్తు చేసుకుందాం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అప్పుడు దాని చుట్టూ ఉన్నది బండరాళ్ళు, తుప్పలు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఇక్కడ ఏదో ఒక మూల తవ్వకం జరుగుతూనే ఉంది. మాదాపూర్ తర్వాత గచ్చిబౌలి. గచ్చిబౌలి తర్వాత నానక్‌రామ్‌గూడ. ఆ తర్వాత కోకాపేట, నార్సింగి. మెట్రో వచ్చింది. ఫ్లైఓవర్లు వచ్చాయి. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. ఇవన్నీ మనకు కావలసినవే. కానీ ఇక్కడ ఏ పునాది తవ్వినా కింద తగిలేది నల్లమట్టి కాదు, గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. ఖాజాగూడలో, దుర్గం చెరువు ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు ఆ రాయే. పునాది కోసం దాన్ని పగలగొడతారు, డ్రిల్లు వేస్తారు, టిప్పర్లకెత్తి రోడ్డు మీద తీసుకెళ్తారు. దారి పొడవునా పొడి రాలుతుంది. మన టైర్లు ఆ పొడిని ఇంకా మెత్తగా నూరుతాయి.

గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. క్వార్ట్జ్ అంటే సిలికా. రాళ్ళ క్వారీల్లో పనిచేసే కూలీల ఊపిరితిత్తులను ఏళ్ళ తరబడి తినేసేది ఈ సిలికా ధూళే. ఆఫీసుకు వెళ్ళి వచ్చేవారికి క్వారీ కూలీకి ఉన్నంత ప్రమాదం ఉందని నేను అనడం లేదు. అంత భయపెట్టడం న్యాయం కాదు. కానీ రోడ్డు మీది ఆ రాతిపొడికి సిమెంటు పొడి కలుస్తుంది. డీజిల్ పొగ మసి కలుస్తుంది. బ్రేకుల నుంచి, టైర్ల నుంచి అరిగి రాలే పొడి కలుస్తుంది. రోజూ పొద్దునా సాయంత్రం, ఏడాది పొడవునా, వాటి మధ్యే కూర్చుంటున్నాం.

కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి నాణ్యత ప్రమాణాలకు తగ్గట్టు లేదని అందులో గుర్తించిన నగరాల్లో హైదరాబాదు ఉంది. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీలో గాలిని కొలిచే కేంద్రం ఉంది. ఆ వివరాలు కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. చలికాలం ఉదయాల్లో చూడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పొగ, దుమ్ము పైకి లేవవు. సరిగ్గా మనం ఆఫీసులకు బయలుదేరే వేళకే అవి మన తల ఎత్తున నిలబడి ఉంటాయి.

ఇక్కడ ఒక మాట కాస్త నిదానంగా వినండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏసీ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో రాసి ఉంటుంది. ఇన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి అనో, ఏడాదికి ఒకసారి అనో ఉంటుంది. దుమ్ము ఎక్కువ ఉన్న చోట ఇంకా ముందే అని కూడా ఉంటుంది. మనం ఆ కిలోమీటర్ల లెక్కే పట్టుకుంటాం. కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళే మనిషినే తీసుకోండి. దూరం చూస్తే పది కిలోమీటర్లకు అటూ ఇటూ. వాన పడ్డ సాయంత్రం అదే దారికి గంట దాటుతుంది. మీటరులో పది కిలోమీటర్లే తిరిగాయి. ఏసీ ఫ్యాను మాత్రం ఆ గంటంతా గాలిని లాగుతూనే ఉంది. అదే గంట వరంగల్ హైవే మీద నడిపితే మీటరు ఎంతో ముందుకు పోయేది. కాబట్టి ఫిల్టర్ ఎంత దుమ్ము పట్టిందో మీ మీటరుకు తెలియదు. కిలోమీటర్ల లెక్క ఇక్కడ సరిపోదు. మీరు ఎన్ని గంటలు ట్రాఫిక్కులో ఉన్నారన్నదే లెక్క. అందుకే సర్వీసింగ్ దాకా ఆగకండి. రెండు మూడు నెలలకు ఒకసారి మీరే తీసి చూడండి.

ఎలా తీయాలో చెబుతాను. ముందు ఒక హెచ్చరిక. ఈ పని సెల్లార్ పార్కింగ్‌లో చేయకండి. అక్కడ గాలి ఆడదు. దులిపిన దుమ్ము అక్కడే తిరుగుతుంది. కారును గేటు బయటికో, ఆరుబయట నీడ ఉన్న చోటికో తీసుకురండి. పిల్లలను దూరంగా ఉంచండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఇంజిన్ ఆపి, తాళం తీసేయండి.

ఎడమవైపు ముందు సీటు దగ్గర గ్లవ్ బాక్స్ ఉంటుంది కదా. దాన్ని ఖాళీ చేయండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు, పాత బిల్లులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు, అన్నీ తీసేయండి. ఆ బిస్కెట్ ప్యాకెట్టును మళ్ళీ అక్కడ పెట్టకండి. ఎలుకలు వచ్చేది దాని కోసమే. సెల్లార్‌లో వారం పది రోజులు కదలకుండా ఉన్న కారులో ఎలుక దూరి, ఈ ఫిల్టర్‌నే కొరికి, ఆ పీచుతో గూడు కట్టుకోవడం చాలామంది మెకానిక్‌లు చూసిందే.

పెట్టె ఖాళీ అయ్యాక పక్కన చూడండి. చిన్న తాడులాంటిదో, ప్లాస్టిక్ పుల్లలాంటిదో తగిలించి ఉంటుంది. పెట్టె దబ్బున కింద పడకుండా ఆపేది అది. దాన్ని మెల్లగా ఊడదీయండి. ఇప్పుడు పెట్టె రెండు పక్క గోడలనూ రెండు చేతులతో లోపలికి నొక్కండి. గట్టిగా గుంజొద్దు, నొక్కితే చాలు. పెట్టె కిందికి వేలాడుతుంది. దాని వెనక ఒక ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. రెండు వైపులా క్లిప్పులు ఉంటాయి. నొక్కితే ఊడుతుంది. అక్కడే ఉంది ఫిల్టర్. కొన్ని కార్లలో ఇది వేరే చోట ఉంటుంది, స్క్రూలతో బిగించి ఉంటుంది. మీ కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, చూసుకోండి.

బయటికి లాగే ముందు ఒక్క క్షణం ఆగండి. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తు ఉంటుంది. గాలి ఎటు నుంచి ఎటు పోవాలో చెప్పే బాణం అది. అది పైకి ఉందా, కిందికి ఉందా? ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. మళ్ళీ పెట్టేటప్పుడు అలాగే పెట్టాలి. ఇప్పుడు వంచకుండా, నిదానంగా, తిన్నగా లాగండి. వంచితే మీద ఉన్న చెత్త లోపల ఫ్యానులోకి రాలుతుంది.

పాత న్యూస్‌పేపరు పరిచి దాని మీద పెట్టి చూడండి. చాలా కార్లలో అటూ ఇటూగా జానెడు పొడవు, జానెడు వెడల్పు, బొటనవేలంత మందం. మడతలు మడతలుగా ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది. మన దగ్గర కొన్ని నెలలు తిరిగాక చూడండి. మడతల అంచులు నల్లబడి ఉంటాయి. అది మసి. మడతల లోతులో బూడిదరంగు పొడి మెత్తగా కూర్చుని ఉంటుంది. అది రాతిపొడి, సిమెంటు. మధ్యలో వేపాకు ఈనెలు. ఎండిన దోమలు. పావురాలు వాలే అపార్టుమెంటు అయితే చిన్న ఈక. ఆ మడతను రెండు వేళ్ళతో కాస్త విడదీసి లోపలికి చూడండి. మీ ముక్కులోకి పోవలసిందంతా అక్కడ ఆగింది. అది చూశాక ఇంకెవరూ మీకు ఈ విషయం నచ్చజెప్పనక్కర్లేదు.

ఇప్పుడు శుభ్రం చేద్దాం. మురికి వైపు కిందికి ఉండేలా పట్టుకుని, పేపరు మీద మెల్లగా తట్టండి. ఆకులు, పెద్ద దుమ్ము రాలిపోతాయి. తర్వాత రంగులు వేసే మెత్తటి బ్రష్షు ఒకటి తీసుకుని మడతల వెంబడి, మడత పొడవునా లాగండి. అడ్డంగా రుద్దొద్దు. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే తక్కువ స్పీడులో, మురికి వైపు నుంచి, తగలీ తగలనట్టు పట్టండి. అంతే. పది నిమిషాల పని.

పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే త్వరగా పోతుంది కదా అనిపిస్తుంది. వద్దు. అది టైరులోకి ఎక్కించే గాలి. ఆ ఒత్తిడికి ఈ పీచు చిరుగుతుంది. కంటికి కనిపించని చిరుగులు అవి. ఫిల్టర్ శుభ్రంగా కనిపిస్తుంది, దుమ్ము మాత్రం నేరుగా లోపలికి వస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. మన ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ ఉంటుంది. దాని జాలీ తీసి కుళాయి కింద కడుగుతాం, ఆరబెట్టి పెడతాం. అది సరైన పనే. అది ప్లాస్టిక్ జాలీ, కడగడానికే చేశారు. ఆ అలవాటుతోనే కారు ఫిల్టర్‌నూ సబ్బు నీళ్ళలో ముంచుతారు. ఇది జాలీ కాదు. ఇది సన్నటి ప్లాస్టిక్ పీచును నేయకుండా పొరగా పరిచి చేసినది. ఇలాంటి ఫిల్టర్లు చాలావాటిలో ఆ పీచుకు తయారీలోనే విద్యుదావేశం పట్టిస్తారు. తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన చిన్న కాగితం ముక్కలను లాక్కున్నట్టే, ఆ పీచు సన్నటి ధూళిని తనవైపు లాక్కుంటుంది. పీచు మధ్య సందులు ధూళికణం కన్నా పెద్దవే. అయినా కణం తప్పించుకోలేదు. సబ్బుతో కడిగితే ఆ శక్తి చాలావరకు పోతుంది. పీచు ముడుచుకుంటుంది. మడతల ఆకారం చెడుతుంది.

కరోనా రోజుల్లో ఎన్-95 మాస్కును సబ్బుతో ఉతకొద్దని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పారో గుర్తుందా? దానికీ కారణం ఇదే. ఆ మాస్కుల్లో వాడే పీచుకు ఆవేశం పట్టించే పద్ధతిని అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ త్సై అనే తైవాన్ శాస్త్రవేత్త అభివృద్ధి చేశారు. 2020లో మాస్కుల కొరత వచ్చినప్పుడు ఆయన రిటైరై ఉన్నారు. అయినా మళ్ళీ పనిలోకి దిగి, ఆ ఆవేశం చెడకుండా మాస్కును తిరిగి వాడుకునే దారులు వెతికారు.

కడిగిన ఫిల్టర్‌తో ఇంకో చిక్కు ఉంది. లోపల కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది. అప్పుడు ఏసీ వేయగానే ముక్కవాసన కొడుతుంది. కడగవచ్చని ఫిల్టర్ మీదే రాసి ఉంటే, అది వేరే రకం. అలా రాసి లేకపోతే నీళ్ళు తగలనివ్వకండి.

దులపడం వల్ల ఫిల్టర్ కొత్తది అయిపోదు, ఇది కూడా గుర్తుంచుకోండి. పైపైన ఉన్నది పోతుంది. గాలి కాస్త ధారాళంగా వస్తుంది. పీచు లోపలికి దిగిన మసి మాత్రం అలాగే ఉంటుంది. మరి మార్చాలా, ఇంకొన్నాళ్ళు నడుస్తుందా? వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు అసలు కనిపించకపోయినా, తడి మరకలు ఉన్నా, వాసన వస్తున్నా, ఎక్కడైనా చిరిగినా మార్చేయండి. నల్లటి పొడి ఉన్న కార్బన్ ఫిల్టర్ అయితే ఇంకా తేలిక. ఆ కార్బన్ పొగ వాసనలను పట్టుకుంటుంది. ఒకసారి నిండాక ఎంత దులిపినా దానికి మళ్ళీ ఆ గుణం రాదు. మార్చడమే.

మామూలు రకం ఫిల్టర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు మీ కారు మోడలూ సంవత్సరమూ చెప్పి, సరిగ్గా ఆ కొలతదే తీసుకోండి. చుట్టూ వేలు దూరేంత సందు ఉంటే గాలి ఆ సందులోంచే పోతుంది, ఫిల్టర్ ఉండీ లేనట్టే. కొన్ని చిన్న కార్లలో, తక్కువ ధర మోడళ్ళలో కంపెనీ వాళ్ళు ఫిల్టర్ పెట్టకుండా స్థలం మాత్రం వదిలేస్తారు. మూత తీస్తే ఖాళీ కనిపిస్తుంది. మీదీ అలాంటిదైతే వెంటనే ఒకటి వేయించండి. ఏళ్ళుగా మీరు వడకట్టని గాలి పీలుస్తున్నారన్నమాట.

ఫిల్టర్ తిరిగి పెట్టే ముందు ఆ అరను మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. బానెట్ ఎత్తి, వైపర్ల కింద జాలీ దగ్గర పేరుకున్న ఆకులు ఏరేయండి. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ చుట్టుపక్కల, చెట్ల కింద బండి నిలిపేవాళ్ళు ఇది తప్పక చేయాలి. వానాకాలంలో ఆ ఆకులు అక్కడే కుళ్ళుతాయి. ఆ వాసనే లోపలికి వస్తుంది. ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో తేదీ రాసి, బాణం చూసి పెట్టండి. తలుపులు తెరిచి ఫ్యాను రెండు మూడు నిమిషాలు తిప్పండి. మిగిలిన దుమ్ము ఏదైనా ఉంటే బయటికి పోతుంది.

ఒక చిన్న బటన్ గురించి కూడా చెప్పాలి. కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే బయటి గాలి ఆగి, లోపలి గాలే తిరుగుతుంది. టిప్పర్ వెనక ఇరుక్కున్నప్పుడు, అండర్‌పాస్‌లో ఆగినప్పుడు అది నొక్కండి. కానీ గంటల తరబడి అలాగే ఉంచకండి. మనం వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంటే తల బరువెక్కుతుంది, నిద్ర వస్తుంది. నలుగురు కూర్చున్న కారులో మరీ త్వరగా వస్తుంది. రోడ్డు కాస్త ఖాళీ దొరకగానే బయటి గాలి రానివ్వండి.

చివరగా, క్యాబ్ నడిపే సోదరులతో ఒక మాట. మేము రోజుకు గంటో రెండు గంటలో ఆ గాలి పీలుస్తాం. మీరు రోజంతా అందులోనే ఉంటారు. ఈ ఫిల్టర్ అందరికన్నా ఎక్కువ అవసరం మీకే. నైట్ షిఫ్టు ట్రిప్పుల మధ్య కారులోనే సీటు వాల్చి పడుకుంటారు. అద్దాలు మూసి, ఏసీ వేసి, ఇంజిన్ నడుస్తుండగా పడుకోకండి. సెల్లార్‌లో, మూసిన చోట అసలే వద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ రోజే కొన్న ఫిల్టర్ అయినా దాన్ని ఆపలేదు. ఇంజిన్ ఆపి, అద్దాలు దించి, గాలి ఆడే చోట పడుకోండి.

ఐటీ కంపెనీల్లో ట్రాన్స్‌పోర్ట్ విభాగం చూసేవారు కూడా వింటూ ఉంటే, వారికో విన్నపం. మీ కంపెనీకి తిరిగే క్యాబుల్లో మంటలార్పే సిలిండరు ఉందా, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉందా అని తనిఖీ చేస్తుంటారు. ఆ తనిఖీ కాగితంలో ఒక గడి పెంచి, ఏసీ ఫిల్టర్ తీసి చూశారా అని రాయించండి. డ్రైవర్ జేబులోంచి కాకుండా కంపెనీ ఖర్చుతోనే మార్పించండి. ఒక్కో బండికి కొన్ని వందల రూపాయలు. వెనక సీట్లో కూర్చునేది మీ ఉద్యోగులే.